పనికి ఆఖరి తేదీ రాసే మస్తాన్‌బీ గారు

ప్రత్తిపాడు దారిలో ఉన్న మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటరు ఆపరేటరుగా పనిచేసిన షేక్ మస్తాన్‌బీ గారు పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు. రైతులకు ఆమె కంప్యూటరమ్మ, ముఠా కూలీలకు బీబమ్మ, నాకు గురువు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు వారం పట్టింది. రాసి చదువుకుంటే ఇప్పటికీ ఇంకెవరి గురించో రాసినట్టే ఉంది.

ఆ వార్త నాకు పదిన్నరకు తెలిసింది. పక్కింటి ఖాజాబీ పాలగిన్నె ఇవ్వడానికి వెళ్లి, పిలిస్తే పలకకపోయేసరికి తలుపు నెట్టి చూసి కేకలు వేసిందట. వచ్చిన డాక్టరు, నాలుగింటి ప్రాంతంలో నిద్రలోనే ప్రాణం పోయిందన్నారట. ఫోనులో ఆమె అల్లుడు ఈ మాటలు చెబుతుంటే నేను గట్టిగా అరిచాను. "నాలుగింటికి ఎలా పోతారండీ? ఆరింటికి నాకు మెసేజి పెడితేను!" నిజంగానే పెట్టారు. ఆరు దాటి నాలుగు నిమిషాలకు, రోజూ పెట్టినట్టే, "లేచానురా పంతులూ" అని వచ్చింది. నేను చూసి "మంచిదండీ" అని జవాబిచ్చి స్నానానికి వెళ్లాను. అప్పటికి రెండు గంటల క్రితమే చనిపోయిన మనిషికి మంచిదండీ అని చెప్పి, ఆ రోజంతా తేలిగ్గా ఉండవచ్చనుకున్నాను.

గురువును తలుచుకుని రాసేవాడు మొదట శోకం చెప్పడం మర్యాద. నాకు మాత్రం మొదట వచ్చింది కోపం. ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆవిడ ఎలాంటి మనిషో, ఆ ఉదయపు కబురు మా మధ్య ఎలా పుట్టిందో ముందు చెప్పాలి.

మస్తాన్‌బీ గారు ప్రత్తిపాడులోనే పుట్టి పెరిగారు. తండ్రి మీరాసాహెబు గారు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఆవిడ ఇంటర్ అయ్యాక టైపు, ఆ తరువాత కంప్యూటరు నేర్చుకున్నారు. భర్త లారీ ప్రమాదంలో పోయేనాటికి కూతురు రేష్మాకు నాలుగేళ్లు. బస్తాల చీటీలు టైపు చేసే పనికి అప్పుడు చేరారు. నేను చేరేనాటికి ఆ ఆఫీసు గది పూర్తిగా ఆవిడ ఏలుబడిలో ఉంది. గుమ్మం పక్కన బకెట్టు నీళ్లు, సబ్బు ఉండేవి. మిరపకాయ తగిలిన చేత్తో కీబోర్డు ముట్టుకుంటే యజమానినైనా లేపేవారు. మొదటి రోజు నేను తెలియక చేతులు కడుక్కోకుండా కూర్చున్నాను. "ఏం పంతులూ, మీ నాన్నగారు చేతులు కడుక్కోకుండానే సంకల్పం చెబుతారా? లే, లే!" అన్నారు. మా నాన్నగారు గుంటూరులో పురోహితులు. ఆ సంగతి నా దరఖాస్తులో చదివి పెట్టుకున్నారన్నమాట. ఆ క్షణం నుంచి నా పేరు పంతులే అయింది.

ఆవిడ నేర్పిన విద్య వినడానికి చిన్నది. కంప్యూటరుకు ఒక పని అప్పజెప్పి, ఎన్నో నిమిషాన, ఎన్నో గంటకు, ఏ తేదీన, ఏ నెలలో, ఏ వారంనాడు చేయాలో ఒకే వరుసలో ఐదు గళ్లుగా రాసిపెట్టాలి. "ప్రతి" అనదలచుకున్న గడిలో నక్షత్రం గుర్తు పెట్టాలి. ఇక మనం అక్కడ ఉన్నా లేకపోయినా ఆ వేళకు ఆ పని జరిగిపోతుంది. గదుల్లో చల్లదనం ఎంతుందో రెండు గంటలకోసారి రాసుకోవడం, భోజనాల వేళ జాబితాలన్నిటికీ నకలు తీయడం, రేపు ఎవరి బస్తాలు దింపుతామో ఆ రైతులకు సాయంత్రం కబురు పంపడం, ఇలా ముప్పై దాకా పనులు ఆవిడ రాసిన వరుసల మీద నడిచేవి. చూసేవాళ్లకు అదంతా యంత్రం మహిమలా కనిపించేది. ఆవిడ మాత్రం దాన్ని ఒక్కనాడూ అలా చూడలేదు.

మా ముఠా కూలీలు అమావాస్యనాడు బస్తా భుజానికెత్తరు. అది తాతలనాటి కట్టుబాటు. కంప్యూటరుకు సోమవారం తెలుసు, ఒకటో తేదీ తెలుసు, అమావాస్య తెలియదు. ఆ ఐదు గళ్లలో దేనిలోనూ అది ఇమడదు. అందుకని ఆవిడ గోడ క్యాలెండరు చూసి, ఆ రోజులు విడిగా రాసి, ఆ పూట రైతుల్ని రమ్మనకుండా ఏర్పాటు చేశారు. ఒక ఏడాది మాఘమాసం చివర అమావాస్య ఒక రోజు మధ్యాహ్నం మొదలై మరునాడు మధ్యాహ్నం దాకా సాగింది. క్యాలెండరు మొదటి రోజును చూపించింది. ముఠా మేస్త్రి సాంబయ్య, సూర్యోదయానికి తిథి ఉన్న రెండో రోజును పట్టుకున్నాడు. ఆ రెండో రోజు పొద్దున్నే మా కబురు అందుకుని ఎనిమిది ట్రాక్టర్లు వచ్చి గేటు ముందు నిలబడ్డాయి. పైన మబ్బు పట్టి ఉంది. దింపడానికి ఒక్క మనిషి లేడు.

"అమావాస్య పూట బస్తా ముట్టం బీబమ్మా. నువ్వు చెప్పినా ముట్టం, నీ మిషను చెప్పినా ముట్టం" అన్నాడు సాంబయ్య.

రైతులు ఊరుకుంటారా? "కంప్యూటరు రమ్మందని కోడి కూయకముందే బయల్దేరొచ్చామమ్మా, ఇదేం చోద్యం!" అని ఒకాయన విరుచుకుపడ్డాడు. క్యాలెండరు మీదకో, సాంబయ్య మీదకో నెట్టేస్తారనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆవిడ కొంగు బిగించి కిందికి దిగారు. "కంప్యూటరు రమ్మనలేదయ్యా, నేను రమ్మన్నాను. అది నా మాట మోసుకొచ్చింది, అంతే. తప్పు నాది" అని ఎనిమిది ట్రాక్టర్ల దగ్గరికీ వెళ్లి, ఎనిమిది మందికీ విడివిడిగా చెప్పారు. స్టోరేజీలో ఉన్న టార్పాలిన్ పట్టాలన్నీ తెప్పించి, నన్ను బస్తాల మీదికి ఎక్కించి కప్పించారు. తుమ్ములతో, మండే కళ్లతో ఆవిణ్ణి మనసులో తిట్టుకుంటూనే కప్పాను. మధ్యాహ్నానికి చినుకులు పడ్డాయి కానీ ఒక్క కాయ తడవలేదు.

ఆ ఆదివారమే బస్సెక్కి గుంటూరులో మా ఇంటికి వచ్చారు. నాన్నగారు పంచాంగం తెరిచి, తిథి రెండు రోజులకు తగిలినప్పుడు ఏ పనికి ఏ రోజు పట్టాలో ఓపికగా చెప్పారు. ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుని, బదులుగా తన ఐదు గళ్లు చూపించారు. నాన్నగారికి భలే సరదా వేసింది. "నీదీ పంచాంగమేనమ్మా. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. మాకూ ఐదే!" అన్నారు. ఆవిడ పంచాంగం పేజీ తిరగేసి, "మీ దాంట్లో ఎప్పుడు చెయ్యకూడదో కూడా ఉందయ్యగారూ. మా దాంట్లో అది లేదు" అన్నారు. ఆ తరువాత ఏటా ఉగాది ముందు ఆవిడ రావడం, నాన్నగారు ఏడాది అమావాస్యలు చెప్పడం ఒక ఆనవాయితీ అయింది. అంత చేసీ, ముందు రోజు సాయంత్రం సాంబయ్యకు ఫోను చేసి అడగనిదే ఏ కబురూ కదలనిచ్చేవారు కాదు.

ఆవిడకు ఇంకొక నియమం ఉండేది. నాకు దానితో పెద్ద తలనొప్పి. ఏ పని అప్పజెప్పినా అది ఎప్పటితో ఆగిపోవాలో ముందే రాయాలి. దాని వెనక ఒక కథ ఉంది. సత్తెనపల్లి అవతల ఒక రైతు పేరు మీద, ప్రతి నెలా ఒకటో తేదీన, "మీ బస్తాలు ఒకసారి వచ్చి చూసుకోగలరు" అని కబురు వెళ్తుండేది. ఆయన బస్తాలు ఎప్పుడో వెళ్లిపోయాయి. పేరు తీసేయడం మరిచిపోయాం. ఒక రోజు ఆయన భార్య ఫోను చేసింది. "అమ్మా, ఆయన పోయి నాలుగు నెలలైంది. ఒకటో తారీఖున ఫోను మోగితే చాలు, మా చిన్నది నాన్నకి మెసేజొచ్చిందని పరిగెత్తుకొస్తంది. ఇంక పంపమాకండమ్మా" అంది.

మస్తాన్‌బీ గారు మరునాడు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి ఆ ఇంటికి వెళ్లి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. వచ్చాక మాత్రం ముప్పై పనుల్నీ ఒక్కొక్కటే తెరిచి, ఒక్కొక్కదానికి ఆఖరి తేదీ రాశారు. "ఆగడం దానికి తెలియదు పంతులూ. ఎప్పుడు ఆగాలో ముందే చెప్పి పంపాలి" అన్నారు. దాంతో మూడు నెలలకోసారి ప్రతి పనీ దానంతట అదే ఆగిపోయేది. ఇంకా అవసరమా, ఎవరికి అవసరం అని మళ్లీ విచారించి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఒకసారి విసిగిపోయి, "ఇంత చాకిరీ తప్పించడానికే కదండీ కంప్యూటరు!" అన్నాను. "ఈ చాకిరీకే కదరా మనకు జీతం" అన్నారు.

ఇక నేను తిన్న చివాట్లలో పెద్దది చెబుతాను. ఏ గదిలోనైనా చల్లదనం తగ్గితే మా ఇద్దరి ఫోన్లకూ హెచ్చరిక వచ్చేది. ఒక ఎండాకాలం వారం రోజులపాటు ఒక్క హెచ్చరికా రాలేదు. నేను సంబరపడ్డాను. తీరా చూస్తే హెచ్చరికలు పంపే సిమ్ము గడువు తీరి మూగబోయి ఉంది. అదృష్టం కొద్దీ కాయకు ఏమీ కాలేదు. నేను దాన్ని అదృష్టమన్నందుకే ఆవిడకు ఒళ్లు మండింది. "వచ్చినదాన్ని ఎవడైనా చూస్తాడురా. రానిదాన్ని చూసేవాడే ఆపరేటరు!" అని గది దద్దరిల్లేలా అన్నారు. అప్పటి నుంచి ఏ గోలా లేకపోయినా కంప్యూటరు రోజుకోసారి "బాగున్నాను" అని మాకు చెప్పే ఏర్పాటు చేశారు. ఆ మాట రాలేదంటే పరిగెత్తాలి.

ఇదిగో, మా ఉదయపు కబురు పుట్టింది దీని నుంచే. ఆవిడకు చక్కెర వ్యాధి. రెండేళ్ల కిందట ఒక ఉదయం చక్కెర బాగా పడిపోయి, వంటింట్లో స్పృహ తప్పి, ఖాజాబీ వచ్చేదాకా నేల మీదే ఉన్నారు. నరసరావుపేటలో ఉన్న రేష్మా తన దగ్గరికి వచ్చేయమని ఏడ్చింది. "అల్లుడింట్లో నాకు ఆఫీసెక్కడుందే?" అని ఈవిడ కదల్లేదు. అప్పుడు నేనే ఒక మాట చెప్పాను. రోజూ లేవగానే నాకు మెసేజి పెట్టాలి. ఆరున్నరకు రాకపోతే నేను బయలుదేరి వస్తాను.

"చల్లగదికీ నాకూ ఒకటే రూలా?" అని నవ్వారు.

"ఒకటే. కానీ ఒక షరతు. మీ చేత్తో మీరే పెట్టాలి. టైము కట్టి మిషను చేత పెట్టించకూడదు."

"చాల్లే! బాగున్నానని మిషను చేత చెప్పిస్తే అది బాగుండటం ఎట్లా అవుద్దిరా?"

రెండేళ్లు మాట తప్పలేదు. ఒక రోజు ఐదూ ముప్పావుకు, ఒక రోజు ఆరుంబావుకు, లేచిన వేళను బట్టి వచ్చేది. ఒక్కో రోజు మోకాళ్ల నొప్పుల సంగతి, ఒక్కో రోజు కల సంగతి కూడా ఉండేది. ఆ మాట చూస్తేనే నాకు కాఫీ రుచించేది. నాకు ఊహ తెలియకముందే పోయిన మా అమ్మ ఉంటే ఇలాగే ఉండేదేమోనని చాలాసార్లు అనుకున్నాను. ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అని ఉండాల్సింది.

పోయిన నెలలో ఒక ఉదయం ఆరున్నరైనా కబురు రాలేదు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. ఖాజాబీ పెళ్లికని దాచేపల్లి వెళ్లింది. బండి తీశాను. ఊళ్లోకి తిరిగే మలుపులో ఇసుక మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. అటుగా వెళ్తున్న ఆటో అతను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోతానంటే, ముందు బీబమ్మ ఇంటికి పోనిమ్మన్నాను. వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు. రాత్రి కరెంటు పోయి ఫోనులో ఛార్జింగు అయిపోయిందట, ఇంకా పెట్టుకోలేదట! "ఏంటి పంతులూ పొద్దున్నే..." అంటూనే నా చెయ్యి చూశారు. చేట కింద పడిపోయింది. అన్నేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కట్టు కట్టేంతసేపూ పక్కనే నిలబడి, "ఇంకెప్పుడూ నా కోసం బండెక్కమాకు" అని పదిసార్లు అన్నారు. "మీరు మెసేజి పెట్టండి, నేనెక్కను" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట అన్నానో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తరువాత ఒక్క రోజు కూడా కబురు తప్పలేదు. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

సోమవారం సాయంత్రం అసర్ నమాజు తరువాత ఖననం జరిగింది. నేనూ ఎడమ చేత్తో మూడు పిడికిళ్ల మట్టి వేశాను. మంగళవారం ఉదయం ఐదు గంటల యాభై ఒక్క నిమిషానికి నా ఫోను మోగింది. "లేచాను. నీ చెయ్యెలా ఉంది?"

ఎలా ప్రత్తిపాడు చేరానో నాకు గుర్తులేదు. రేష్మా వాళ్లమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. వెతికితే, టైము కట్టి పెట్టిన పని కనిపించింది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులకు ఏడు వరుసలు, ఒక్కో రోజుకు ఒక్కో నిమిషం, ఒక్కో మాట. మనిషి పెట్టినట్టుండాలని వేళలు మార్చి మార్చి రాశారు. నా ఫోను తీసి వెనక్కి చూసుకున్నాను. వరుసగా ఐదు సోమవారాలు ఆరూ నాలుగుకే వచ్చింది. వరుసగా ఐదు మంగళవారాలు ఐదూ యాభై ఒకటికే వచ్చింది. ప్రతి వారం అదే నిమిషానికి, అవే మాటలతో వస్తుంటే గమనించని నేనూ ఒక ఆపరేటరునే!

"అమ్మ నీకు అబద్ధం చెప్పిందా అన్నా?" అంది రేష్మా.

"చెప్పింది" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. నాలుగింటికే పోయారు కనుక నేను పరిగెత్తినా బతికేవారు కాదని అందరూ ఓదారుస్తున్నారు. నా బాధ అది కాదు. లేచానన్నారు కదా, వచ్చేస్తారులే అనుకుని నేను ఆఫీసులో జోకులు వేసుకుంటున్న వేళ ఆవిడ ఒక్కరే ఆ గదిలో పడి ఉన్నారు. ఎవరూ పక్కన కూర్చోలేదు. ఆ అబద్ధం లేకపోతే ఏడింటికల్లా నేను పక్కన ఉండేవాణ్ణి. కట్టు చెయ్యితో ఏ బస్సో ఎక్కి వచ్చేవాణ్ణి. నన్నెందుకు రానివ్వలేదు? షరతు పెట్టినప్పుడు అంత మాట ఎందుకన్నారు? పోయిన మనిషి మీద కోప్పడటం ఎంత నరకమో అప్పుడు తెలిసింది.

రేష్మా ఫోను తీసుకుని, తెర కిందికి జరిపి, "ఇక్కడేదో రాసుంది చూడన్నా" అంది. ఆ పనికి ఆవిడ పెట్టుకున్న పేరు అది. "పంతులు కట్టు విప్పేదాకా." దాని కింద ఆఖరి తేదీ. ఆ బుధవారం. డాక్టరు నాకు కట్టు విప్పుతానన్నది గురువారం.

అబద్ధం ఆడటానికి కూడా గడువు రాసుకున్నారు మహాతల్లి. నా చెయ్యి బాగయ్యేదాకా నేను కంగారుగా బండి తీయకూడదు, అంతే. గురువారం నుంచి మళ్లీ తన చేత్తోనే పెట్టాలనుకున్నారు. ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేదే కాదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు.

"తీసేయనా అన్నా?" అని అడిగింది రేష్మా.

"వద్దమ్మా. అమ్మ రాసుకున్న తేదీ దాకా నడవనీ" అన్నాను.

బుధవారం ఆరూ తొమ్మిదికి వచ్చింది. "ఇవాళ కాస్త బద్ధకంగా ఉంది. లేచానులే." జవాబు ఇవ్వబోయి ఆగిపోయాను. గురువారం ఐదున్నర నుంచే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆరు దాటింది. ఆరున్నర దాటింది. నాన్నగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఏడయ్యాక, "ఇంక రాదురా నాన్నా. పద, ఆసుపత్రికి పోదాం" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది, అన్ని రోజులకు.

ఆమె విద్వాంసురాలని ఏ సభా సన్మానించలేదు. ఒక మాట పంపితే ఆ మాటకు తానే పూచీ అని నమ్మిన సత్యనిష్ఠాపరురాలు. పని నేర్పుతూ మనుషుల్ని ఎలా చూసుకోవాలో నేర్పిన ఆచార్యురాలు. ఆమె కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు, పనులు నడుస్తాయి. ఆమె మాత్రం ఇక రారు. మస్తాన్‌బీ గారూ, మీకు నా నమస్సులు.

అందరి లెక్కలో ఆమె సోమవారం పోయారు. నాకు మాత్రం గురువారం పోయారు. మధ్యలో ఆ మూడు రోజులూ నా చెయ్యి కోసం ఉన్నారు.